నాలుగొందల ఆటలకు రాని బోరు

మీరు సినిమా హాల్లో కూర్చుని ఎప్పుడైనా వెనక్కి తిరిగి చూశారా? బాల్కనీ వెనక గోడలో, బాగా పైన, చదరంగా చిన్న చిన్న కంతలు రెండో మూడో వుంటాయి. వెలుగు అందులోంచే వస్తుంది. మీ చూపు ఆ వెలుగు వెంట తెర మీదికి పోతుంది గానీ, కంత వెనక ఎవరున్నారా అని పోదు. పోనక్కర్లేదు కూడా! మీరు టిక్కెట్టు కొన్నది హీరోని చూడ్డానికి గానీ నన్ను చూడ్డానికి కాదుగా.

ఆ కంత వెనక మనిషిని నేను. ఆపరేటర్ని. 1988లో, నా పందొమ్మిదో యేట, కృష్ణా జిల్లాలో ఓ చిన్న వూరి హాల్లో అసిస్టెంటుగా చేరాను. ఇవాళ్టికీ ఆ హాల్లోనే వున్నాను.

మొన్న సంక్రాంతికి మా తమ్ముడి కొడుకు వచ్చాడు. హైదరాబాదులో పెద్ద కంపెనీలో వుద్యోగం. ఏసీ గది, గిర్రున తిరిగే కుర్చీ, మీట నొక్కితే కాఫీ! భోగి మంట దగ్గర చలి కాచుకుంటూ చల్లగా చెప్పాడు.

"పెదనాన్నా, వుద్యోగం మానేద్దామనుకుంటున్నా."

"ఏరా, పైవాళ్ళు తిడుతున్నారా?"

"లేదు."

"పని ఎక్కువా?"

"అదీ కాదు. బోరు."

వాళ్ళ నాన్న కస్సుమన్నాడు. "బోరుట, బోరు! అన్నం అరక్కపోతే ఇలాగే వుంటుంది" అని లేచి వెళ్ళిపోయాడు. కుర్రాడు కాసేపు మంటకేసి చూసి నావైపు తిరిగాడు.

"నువ్వు రోజుకి నాలుగు ఆటలు అదే బొమ్మ వేశావు. వంద రోజులు ఆడితే నాలుగొందల సార్లు. నీకెప్పుడూ బోరు కొట్టలేదా పెదనాన్నా?"

"లేదురా" అనేద్దామనుకున్నాను. కానీ అది సగం నిజం. నాలుగొందల ఆటలు వేసినప్పుడు నాకు బోరు కొట్టలేదు. చేతికి పనే లేని రోజుల్లో మాత్రం కొట్టింది. ఎంతగా కొట్టిందంటే, ఇరవై రెండేళ్ళు సంపాదించుకున్న పేరు ఒక్క మ్యాట్నీలో పోగొట్టుకున్నాను. ఆ సంగతి మంట చుట్టూ వున్న పదిమందిలో చెప్పలేకపోయాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

రెండు మిషన్ల మధ్య

మీలో చాలామంది ఫిల్మ్ రీలు చూసి వుండరు. అందుకని కాస్త వివరంగా చెబుతాను.

రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగుల ఫిల్మ్. పొడుగ్గా పరిస్తే 4 కిలోమీటర్లు దాటుతుంది! సెకనుకి 24 బొమ్మలు, నిమిషానికి 90 అడుగులు. అంతా ఒకే చుట్టగా వుండేది కాదు. రేకు పెట్టెల్లో విడివిడి రీళ్ళుగా వచ్చేది. రెండేసి రీళ్ళు కలిపి ఒక స్పూలుకి చుడితే ఇరవై నిమిషాల చిల్లర నడిచేది. అందుకే కేబిన్‌లో రెండు మిషన్లు. మొదటి మిషన్లో ఫిల్మ్ అయిపోయే క్షణానికి రెండో మిషన్ అందుకోవాలి. దాన్నే చేంజోవర్ అంటాం.

అందుకోవాల్సిన క్షణం ఎలా తెలుస్తుంది? తెర మీద కుడివైపు పైమూలలో ఓ చిన్న చుక్క మెరిసి మాయమయ్యేది. అది కనపడగానే రెండో మిషన్ మోటారు వెయ్యాలి. ఏడెనిమిది సెకన్ల తర్వాత రెండో చుక్క. అది కనపడిందో, వెలుగు మార్చెయ్యాలి. ఒక్క సెకను ఆలస్యమైతే తెర తెల్లబోతుంది. తెరతోపాటు మనమూ! హాల్లో మీరంతా హీరోయిన్ కళ్ళు చూస్తుంటే, నేను ఆ మూల చుక్క కోసం చూస్తుండేవాణ్ణి.

అది కాక కార్బన్లు. అప్పట్లో దీపం బల్బు కాదు. రెండు కార్బన్ కడ్డీల కొసల మధ్య నిప్పు వెలిగి, ఆ వెలుగే తెర మీద పడేది. కడ్డీలు కాలి కురచవుతుంటే వాటిని దగ్గరికి జరుపుతూ వుండాలి. ఎడం పెరిగితే బొమ్మ పసుపుపచ్చగా పాలిపోతుంది. ఇంకా అశ్రద్ధ చేస్తే ఆరిపోతుంది. ఫిల్మ్ తెగితే సిమెంటు పూసి అతకాలి. అయిపోయిన స్పూలు వెనక్కి చుట్టాలి. పాటకి సౌండు కాస్త పెంచాలి, ఫైటింగుకి తగ్గించాలి. ఇంటర్వెల్‌కి లైట్లు వెయ్యాలి. వేసవిలో ఆ ఇరుకు గదిలో, ఆ వేడిలో, బనీను పిండితే చెంబెడు నీళ్ళు!

మా హెడ్ ఆపరేటరుగారిని అందరం 'బాబాయ్' అనేవాళ్ళం. చేరిన కొత్తల్లో ఆయన నాకొక్కటే చెప్పాడు. "ఒరే, నువ్వు సినిమా చూడకు. సినిమా చూసే జనాన్ని విను."

నిజమే! కేబిన్ కంతలోంచి హాలు వినపడేది. నేల తరగతి ఈలలు, బెంచీల గోల, ఆడవాళ్ళ వైపు నుంచి ముక్కులు ఎగబీల్చిన చప్పుడు. అదే డైలాగుకి మార్నింగ్ షో వాళ్ళు నవ్వితే ఫస్ట్ షో వాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. సెకండ్ షో వాళ్ళు ఏమీ అనేవాళ్ళు కాదు, నిద్రమత్తు! రీలు ఒకటే గానీ ఏ రెండు ఆటలూ ఒకటి కాదు. బొమ్మ వణికితే "ఆపరేటర్!" అని హాలంతా ఒక్క గొంతుతో అరిచేది. ఆ అరుపుకి ముందు తాతగార్ల పేర్లు కూడా కలిపేవారనుకోండి! తిట్టయినా సరే, నేనొకణ్ణి వున్నానని వాళ్ళకి తెలుసు. చేంజోవర్ నున్నగా పడితే ఎవరూ ఏమీ అనరు. ఆ ఏమీ అనకపోవడమే నాకు మెప్పు.

అందుకే వంద రోజులాడిన బొమ్మలకి కూడా నాకు బోరు కొట్టలేదు. ఇది నా గొప్ప కాదు. ఆ పని తీరే అలాంటిది.

చీరలిచ్చారు కాబట్టి పెళ్ళే!

మరి సినిమా ఫీల్డులో బోరే లేదా అంటే, బోలెడుంది! 1993లో ఓసారి హైదరాబాదు వెళ్ళి, తెలిసినాయన ద్వారా ఒక షూటింగు చూశాను. మీలో ఎవరైనా షూటింగు చూసి వుంటే నేను చెప్పేది వెంటనే ఒప్పుకుంటారు. మొదటి పావుగంట స్వర్గం. తర్వాత "ఇదేమిట్రా బాబూ!" అనిపిస్తుంది. లైట్లు జరుపుతారు, ట్రాలీ పట్టాలు వేస్తారు, మళ్ళీ తీస్తారు. ఎవరో ఎవరి కోసమో ఎదురు చూస్తుంటారు.

ఆ రోజు పెళ్ళి సీను. నలభైమంది దాకా జూనియర్ ఆర్టిస్టులు పట్టుచీరలూ పంచెలూ కట్టుకుని పొద్దున్నే వచ్చి గోడవార కూర్చున్నారు. సాయంత్రం నాలుగింటికి పిలుపొచ్చింది. అక్షింతలు వేశారు. రెండు నిమిషాలు! మళ్ళీ గోడవారకి.

ఓ పెద్దావిడని అడిగాను. "అమ్మా, ఏం సినిమా ఇది?"

"తెలీదు నాయనా."

"సీనేమిటి? ఎవరి పెళ్ళి?"

"అదీ చెప్పలేదు. చీరలిచ్చారు కాబట్టి పెళ్ళే అయుంటుంది. తెల్లచీరలిస్తే చావు!"

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత రైల్లో కూర్చున్నాక మాత్రం ఆ మాట నవ్వులాటగా అనిపించలేదు. అదే షెడ్డులో, అదే ఎండలో లైట్‌బాయ్‌లు పైకెక్కి చెమటలు కక్కుతూ వున్నారు. వాళ్ళ మొహాల్లో అలసట వుంది గానీ విసుగు లేదు. ఎందుకంటే, ఏ దీపం ఎటు తిప్పితే హీరోయిన్ మొహం మీద నీడ పోతుందో వాళ్ళకి తెలుసు, ఆ పోవడం కళ్ళారా చూస్తారు. గోడవార కూర్చున్న ఆవిడ కాలు కదిపింది లేదు. అయినా సాయంత్రానికి ఆవిడే ఎక్కువ వడిలిపోయింది. తను చేసేది దేనికో తెలీదు, ఎప్పుడు పిలుస్తారో తెలీదు, లేచి పోవడానికి లేదు.

పని ఎక్కువై వచ్చేది అలుపు. పనికి అర్థం తెలీక వచ్చేది బోరు. ఈ రెంటికీ తేడా నేను ఆరోజే చూశాను. చూశాను గానీ, నా తల మీదికే వస్తుందని మాత్రం అనుకోలేదు.

గేటు దగ్గర గోపురం లేని జ్యోతిష్యుడు

మా హాల్లో గేటుమనిషి ఒకాయన వుండేవాడు. టిక్కెట్టు చింపడం, తలుపు వెయ్యడం, ఆట అయ్యాక తలుపు తియ్యడం. ముప్ఫయ్యేళ్ళు అదే పని! సినిమా చెవిన పడుతుంది గానీ కంటపడదు. ఇంతకంటే బోరు పని వుంటుందా?

కానీ ఆయన దానికో మందు కనిపెట్టుకున్నాడు. మొదటి రోజు మార్నింగ్ షో వదిలినప్పుడు తలుపు పక్కన నిలబడి, బయటికొచ్చే జనం మొహాలు చూసి, "ఇది మూడు వారాలు", "ఇది యాభై రోజులు", "ఇది రేపే పెట్టె సర్దుకోవాలి" అని జోస్యం చెప్పేవాడు. మా మేనేజరు పైకి నవ్వినా, చాటుగా ఆయన్నడిగే తర్వాతి బొమ్మ ఎప్పుడు వెయ్యాలో నిర్ణయించేవాడు!

1980లో 'శంకరాభరణం' వచ్చినప్పటి ముచ్చట ఆయన నాకు చాలాసార్లు చెప్పాడు. మొదట్లో జనం పలచగా వున్నారు. స్టార్లు లేరు, ఫైట్లు లేవు, ముసలాయన హీరో. అందరూ పెదవి విరిచారు. ఈయన మాత్రం, "బయటికొచ్చేవాళ్ళు మాట్లాడుకోవడంలేదండీ, మౌనంగా వస్తున్నారు. మౌనంగా వచ్చేవాళ్ళు మళ్ళీ వస్తారు, ఇంకొకర్ని తెస్తారు" అన్నాడట. ఆ బొమ్మ నోటి మాట మీద ఎలా నిలబడిందో లోకానికంతా తెలుసు.

ఆయనకి జీతం పెంచినవాళ్ళు లేరు. కానీ ఆయన తన పనిలో ఓ ప్రశ్న పెట్టుకున్నాడు. రోజూ దానికి జవాబు వచ్చేది. ఒప్పో తప్పో తేలేది. అందుకే ఆయన మొహం ఎప్పుడూ వాడిపోలేదని నాకిప్పుడు తెలుస్తోంది.

అదృష్టవంతుడివయ్యా!

2010లో మా హాలుకి డిజిటల్ వచ్చింది. రీళ్ళు పోయాయి, పెట్టెలు పోయాయి, రెండో మిషన్ పోయింది. సినిమా శాటిలైట్ మీంచి దిగుతుంది. సర్వర్లో వరసగా పెట్టుకుని మీట నొక్కితే ప్రకటనలు, సినిమా, ఇంటర్వెల్ అన్నీ దానంతటవే. గీత పడదు, తెగదు, వణకదు. చెప్పొద్దూ, బొమ్మ అద్దంలా వుంది! ఫిల్మ్ గొప్ప, డిజిటల్ చెడ్డ అని ఏడ్చే రకాన్ని కాను నేను. వందో రోజు గీతల బొమ్మ చూసిన జనానికి జరిగిన అన్యాయం నాకంటే ఎవరికి తెలుసు?

మా ఓనరుగారు మంచాయన. నన్ను తీసెయ్యలేదు, జీతం తగ్గించలేదు. వూళ్ళో అందరూ, "అదృష్టవంతుడివయ్యా! కాలు మీద కాలేసుకుని కూర్చోవడమే" అన్నారు.

కూర్చున్నాను. మొదటి వారం హాయిగా వుంది. రెండో వారం టీలు ఎక్కువయ్యాయి. మూడో వారానికి గడియారం నా శత్రువైంది. పదకొండింటికి మీట నొక్కడం, ఇంటర్వెల్ దాకా కూర్చోవడం. ఏదైనా తేడా వస్తే చూసుకోవాలి. తేడా రాదు. రాదని తెలుసు. అయినా కూర్చోవాలి.

దానికితోడు ఏసీ కోసమని కేబిన్ కంతలకి మందమైన అద్దాలు బిగించారు. హాలు వినపడ్డం మానేసింది. ఈల లేదు, తిట్టు లేదు, ముక్కు చీదిన చప్పుడు లేదు. బొమ్మ కనపడుతోంది, మనుషులు పోయారు.

అలాంటి ఓ మ్యాట్నీలో జరిగింది. పాట వస్తోంది. కేబిన్‌లో వుండే చిన్న స్పీకరుని విసుగొచ్చి ఎప్పుడో తగ్గించేశాను. కంతలోంచి తెరకేసే చూస్తున్నాను, నిద్రపోలేదు, కళ్ళు తెరిచే వున్నాను. కేబిన్ తలుపు ఎవరో దబదబా బాదారు. తీస్తే పదేళ్ళ కుర్రాడు, ఆయాసపడుతున్నాడు. "అంకుల్! సౌండ్ రావడంలేదు. చాలాసేపట్నుంచి అరుస్తున్నాం!"

యాంప్లిఫయరు ఆగిపోయింది. పాట సగం నుంచి హీరో పెదవులు కదుపుతున్నాడు, మాట లేదు. హాలంతా లేచి నిలబడి నావైపు తిరిగి చేతులూపుతోంది. నేను వాళ్ళకేసే చూస్తున్నాను. నాకు కనపళ్ళేదు.

మీకిది చిన్న విషయంలా అనిపించవచ్చు. కార్బన్ల కాలంలో చుక్క మెరిసిన అరసెకనులో చెయ్యి కదిలిన మనిషిని నేను! సౌండు సరిచేసి, ఆట అయ్యాక మెట్ల మీద కూర్చున్నాను. కిందికి దిగి జనం మొహం చూడలేకపోయాను. ఓనరుగారు ఏమీ అనలేదు. అని వుంటే బాగుండేది.

ఆ రాత్రి బాబాయ్ ఇంటికి వెళ్ళాను. అప్పటికి ఆయన రిటైరయి, చూపు మందగించి వున్నాడు. అంతా విని అన్నాడు. "నిద్ర పట్టింది నీ కళ్ళకి కాదురా, చేతులకి. చేతులకి పని లేకపోతే కళ్ళు ఎంతసేపని కాపలా కాస్తాయి?"

గడియారం ముల్లు చెప్పిన సాక్ష్యం

బాబాయ్ మాట నిజమేనని ఈ సంక్రాంతికి మావాడే ఋజువు చేశాడు. రాత్రి అందరూ పడుకున్నాక అరుగు మీద కూర్చుని ఈ కథంతా వాడికి చెప్పాను. వాడు ఫోనులో ఏదో వెతికి, చదివి వినిపించాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ విమానాల్లో రాడార్ తెరలు చూసేవాళ్ళుండేవారు. సముద్రంలో శత్రువుల సబ్‌మెరైన్ జాడ కనిపెట్టడం పని. గంటల తరబడి చూడాలి, జాడ ఏ ఎప్పుడో ఒకసారి వస్తుంది. బాగా తర్ఫీదైనవాళ్ళు కూడా దాన్ని వదిలేస్తున్నారు! ఎందుకా అని మాక్‌వర్త్ అనే శాస్త్రజ్ఞుడు పరీక్ష పెట్టాడు. అంకెలు లేని గడియారం లాంటిది, ఒకటే ముల్లు, అడుగులో అడుగు వేసుకుంటూ తిరుగుతుంది. ఎప్పుడో ఓసారి రెండడుగులు ఒక్కసారే గెంతుతుంది. అది చూసి మీట నొక్కాలి. అంతే! 1948లో ఆయన ప్రకటించిన ఫలితం ఏమిటంటే, అరగంట దాటేసరికే మనుషులు గెంతుల్ని వదిలెయ్యడం ఎక్కువవుతుంది. బద్ధకస్తులనే కాదు, ఎవరైనా అంతే.

వింటుంటే గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఇన్నేళ్ళూ తప్పంతా నాదేననుకున్నాను. మనిషి కాపలా గడియారం కాదని నాకెవరూ చెప్పలేదు.

మావాడు మరొకటి చదివాడు. 1970లలో అమెరికాలో హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు, పని మనిషికి పట్టాలంటే ఏముండాలో అయిదు చెప్పారట. రకరకాల నేర్పులు వాడే వీలు. మొదలూ చివరా వున్న పూర్తి పని. దానివల్ల ఎవరికో మేలు. కాస్త సొంత నిర్ణయం. ఎలా చేశామో తెలిసే దారి. వేళ్ళు మడుస్తూ విన్నాను. పాత కేబిన్‌లో ఈ అయిదూ వున్నాయి. కొత్త కేబిన్‌లో ఒక్కటీ లేదు! ఆ చీరలావిడకి కూడా ఒక్కటీ లేదు. గేటాయన మాత్రం వాటిలో రెండు మూడు తనే పుట్టించుకున్నాడు.

1936లోనే చార్లీ చాప్లిన్ 'మోడరన్ టైమ్స్'లో చూపించాడు కదా! ఫ్యాక్టరీలో బోల్టులు బిగించి బిగించి, బయటికొచ్చాక కూడా చేతులు ఆగక కనపడ్డ గుండీలన్నీ బిగించబోతాడు. మనం పడీ పడీ నవ్వుతాం. ఆ బోల్టు దేనికి బిగిస్తున్నాడో చాప్లిన్‌కీ తెలీదు, మనకీ తెలీదు. అసలు కిటుకు అక్కడుంది.

మన తెలుగు బొమ్మలు వుద్యోగం లేని కుర్రాడి బాధ బాగా చూపించాయి. 1981లో 'ఆకలి రాజ్యం' చూసి కళ్ళు తుడుచుకోని కుర్రాళ్ళు తక్కువ. వుద్యోగం దొరికాక, దానిలో మనసు ఎండిపోయిన వాడి బాధ మాత్రం మనకి కథగా అనిపించదు. మా తమ్ముడు కస్సుమన్నది అందుకే. వాడి లెక్కలో తిండి లేకపోవడమొక్కటే బాధ. నేనా మాట కాదనను. 2020లో కరోనా వచ్చి హాళ్ళు మూసినప్పుడు నాకు బోరు కొట్టలేదు, భయమేసింది. రెండూ వేరు. ఒక బాధ పెద్దదైనంత మాత్రాన రెండోది అబద్ధమైపోదు.

నేనేం చేశాను?

ఆ మ్యాట్నీ తర్వాత నేను వుద్యోగం మానలేదు. నలభై దాటినవాణ్ణి, ఇంకేం పని వచ్చు? ఓనరుగారి దగ్గరికి వెళ్ళి మూడు కోరికలు కోరాను. కేబిన్‌లోకి హాలు వినపడేలా ఓ మైకు పెట్టించమన్నాను. రోజూ మార్నింగ్ షోకి ముందు పావుగంట ఖాళీ హాల్లో సౌండు పరీక్ష చేసుకోనివ్వమన్నాను. ప్రతి ఆటలో ఓ పది నిమిషాలు, కేబిన్‌లో కుర్రాణ్ణి వుంచి, కిందికి దిగి జనం మధ్య కూర్చోనివ్వమన్నాను. ఆయన నవ్వాడు. "ఎందుకయ్యా, అంతా ఆటోమేటిక్కేగా!" రెండోసారి అడిగితే చూద్దామన్నాడు. మూడోసారికి ఒప్పుకున్నాడు.

ఇప్పుడు రోజుకో వరసలో కూర్చుంటాను. ఎడమ పక్క స్పీకరు మూల్గుతోందా, మూడో వరసవాళ్ళకి మాట తేటగా వినపడుతోందా, తెర మూల మసగ్గా వుందా, అన్నీ ఓ నోటుబుక్కులో రాస్తాను. సరిచేయిస్తాను. మళ్ళీ అదే కుర్చీలో కూర్చుని తేడా చూస్తాను. బోరు పూర్తిగా పోయిందా అంటే, లేదు. మధ్యాహ్నం మూడింటికి ఇప్పటికీ గడియారం నత్తలాగే నడుస్తుంది. కానీ ఆ రోజు మెట్ల మీద కూర్చున్న మనిషి ఇక లేడు.

అలాగని "బోరు నీలోనే వుంది, నువ్వే మారు" అని నీతులు చెప్పను. ఆ మైకు ఓనరుగారు పెట్టించకపోతే నేను చెయ్యగలిగిందేముంది? పని మలిచేవాడి చేతిలో సగం వుంది. అడగాల్సిన సగం మాత్రం మనది.

ఇక మావాడి సంగతి. "రోజంతా ఏం చేస్తావురా?" అని అడిగాను. ఆస్పత్రి ఖర్చుల ఇన్సూరెన్స్ కాగితాలు కంప్యూటర్ మీద వస్తాయట. అంకెలు సరిపోయాయో లేదో చూసి, ఒక మీట నొక్కి పంపడం. రోజుకి రెండొందలు.

"పంపాక ఏమవుతాయి?"

"తెలీదు పెదనాన్నా. ఇంకో టీముకి పోతాయి."

"ఆ రోగికి డబ్బు అందిందా?"

"ఏమో!"

నాలుగేళ్ళ ఇంజనీరింగు చదివి, రెండొందల మంది రోగుల కాగితాలు చేతిలో పట్టుకుని, ఒక్కరి మొహం తెలీని కుర్రాడు. నాకు ఆ పెద్దావిడ గుర్తొచ్చింది. చీరలిచ్చారు కాబట్టి పెళ్ళే!

మానెయ్యమని అనలేదు, వుండమనీ అనలేదు. "ఒక్కసారి అడిగి చూడు. నీ చేతిలోంచి పోయిన కాగితం చివరికి ఏమైందో నీకు తెలిసే ఏర్పాటు చెయ్యమను" అన్నాను. అడిగాడట. కుదరదన్నారట. మళ్ళీ అడిగాడు, మళ్ళీ అదే మాట. మూడోసారి అడిగే ఓపిక లేదు, వేరే వుద్యోగం వెతుక్కుంటున్నానని పోయిన వారం ఫోను చేశాడు. వాళ్ళ నాన్నకి ఇంకా చెప్పలేదు. ఆ చెప్పే పని నామీద పడేట్టుంది!

"ఈసారి ఇంటర్వ్యూలో జీతం ఎంత అని ఒక్కటే అడగను పెదనాన్నా. నేను చేసిన పని చివరికి ఎవరికి చేరుతుందో నాకు కనపడుతుందా అని కూడా అడుగుతా" అన్నాడు. వాడి గొంతులో చాన్నాళ్ళకి హుషారు వినపడింది.

సరే, నా గోల ముగిస్తాను. ఫస్ట్ షోకి టైమవుతోంది. ఈసారి సినిమాకి వెళ్ళినప్పుడు, బొమ్మ తేటగా వుండి సౌండు కంచుగంటలా మోగితే, ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ కంతకేసి ఓ ఈల వెయ్యండి. హీరో కోసం వేసినవాటిలో ఒక్కటి తగ్గినా ఆయనకేం లోటు రాదు. మా కేబిన్‌లో మైకుంది. వినపడుతుంది!